ఇద్దరి పేర ఒకే వాక్యం: పావెల్, ప్రెస్‌బర్గర్, ఆర్చర్స్ సంస్థ

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో పుట్టిన ఒక స్వతంత్ర చిత్రనిర్మాణ సంస్థ గురించి, దాన్ని నడిపిన ఇద్దరు మనుషుల గురించి. సంస్థ పేరు ది ఆర్చర్స్, అంటే విలుకాళ్లు. ఆ ఇద్దరు మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్. వారి సినిమా మొదలయ్యేముందు తెరమీద ఒక గురిపలక కనిపిస్తుంది, దానికి అప్పటికే కొన్ని బాణాలు గుచ్చుకుని ఉంటాయి, చివరి బాణం వచ్చి నట్టనడుమ నాటుకుంటుంది. ఆ తర్వాత పేర్ల వరుసలో, రచన, నిర్మాణం, దర్శకత్వం: మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ అని ఒకే వాక్యం వస్తుంది. ఎవరు రాశారు, ఎవరు తీశారు, డబ్బు లెక్క ఎవరు చూశారు అన్న విభజన ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. 1942లో వచ్చిన ‘వన్ ఆఫ్ అవర్ ఎయిర్‌క్రాఫ్ట్ ఈజ్ మిస్సింగ్’తో మొదలైన ఈ పద్ధతి వారు విడిపోయిన 1957 వరకూ సాగింది.

జంటగా పనిచేసిన కళాకారులు మనకు కొత్త కాదు. బాపు, రమణల పేర్లను మనం ఒక్క ఊపిరిలో పలుకుతాం. అయినా అక్కడ రచన ముళ్లపూడి వెంకటరమణది, దర్శకత్వం బాపుది అన్న సంగతి తెరమీదనే స్పష్టంగా ఉంటుంది. ఆర్చర్స్ చేసింది వేరు. రాయడం ఎక్కువగా ప్రెస్‌బర్గర్ పని అనీ, సెట్ మీద నిలబడి నటులను, కెమెరాను నడిపించింది పావెల్ అనీ వారి చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. తెలిసి కూడా, ఆ వివరం ప్రేక్షకుడికి అక్కర్లేదని వారు నిర్ణయించుకున్నారు. ఆ ఉమ్మడి వాక్యాన్ని ఒకరిపట్ల ఒకరు చూపుకున్న మర్యాదగా చాలామంది చదువుతారు. అది వారి పని పద్ధతికి పునాది అని నా నమ్మకం. సినిమాలో ఏ దృశ్యం తేలిపోయినా ఆ నింద ఇద్దరిదీ, ఏ దృశ్యం పండినా అది ఇద్దరిదీ అని ముందే రాసి ఇచ్చేసిన మనుషులు మాత్రమే తీయగల సినిమాలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు మూడింటిని ఇవాళ కాస్త దగ్గరగా చూద్దాం.

ముందుగా ఇద్దరూ ఎక్కడివారో చెప్పాలి, ఎందుకంటే వారి భాగస్వామ్యంలోని బలమంతా ఆ దూరంలోనే ఉంది.

పావెల్ 1905లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, కాంటర్‌బరీ పట్టణానికి దగ్గరలోని బేక్స్‌బోర్న్ అనే ఊళ్లో పుట్టారు. మూకీ చిత్రాల కాలంలోనే పరిశ్రమలో చేరి, 1930లలో ‘కోటా’ చిత్రాలు అనబడే చౌక సినిమాలు వరుసగా తీశారు. బ్రిటిష్ థియేటర్లు కొంత శాతం స్వదేశీ చిత్రాలను తప్పనిసరిగా ఆడించాలని 1927లో చట్టం వచ్చాక, ఆ కోటా నింపడానికి తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో చుట్టేసిన సినిమాలు అవి. అలాంటివి ఇరవైకి పైగా తీసిన తర్వాత గానీ ఆయనకు తన మనసుకు నచ్చిన సినిమా తీసే అవకాశం రాలేదు. 1937లో వచ్చిన ‘ది ఎడ్జ్ ఆఫ్ ది వరల్డ్’ కోసం స్కాట్లండ్‌కు ఉత్తరాన, షెట్లండ్ దీవుల్లో విసిరేసినట్టుండే ఫౌలా ద్వీపానికి బృందాన్ని తీసుకువెళ్లి, అక్కడి గాలిలో, కొండకొమ్ముల మీద చిత్రీకరించారు. ఆ నేలను, దాని వాతావరణాన్ని, అక్కడి మనుషుల మాటతీరును పావెల్ పుట్టుకతో వచ్చిన హక్కుగా ఎరిగినవారు.

ప్రెస్‌బర్గర్ 1902లో హంగేరీలోని మిష్కోల్ట్స్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ప్రాగ్‌లో, స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరింగ్ చదువు మొదలుపెట్టి, తండ్రి మరణంతో ఆపేసి, బెర్లిన్ చేరి, కథలు అమ్ముకుంటూ చివరకు ఊఫా స్టూడియోలో స్క్రీన్‌ప్లే రచయితగా నిలదొక్కుకున్నారు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో బెర్లిన్ వదిలి పారిస్ వెళ్లారు. 1935లో లండన్ చేరారు. అప్పటికి ఆయనకు ఇంగ్లీషు రాదు. హంగేరియన్‌లో పుట్టి, జర్మన్‌లో రచయితై, ఫ్రెంచ్‌లో కొన్నాళ్లు బతికి, ముప్పై దాటాక నాలుగో భాషలో మళ్లీ రచయిత కావలసి వచ్చిన మనిషి ఆయన. ఆయన తల్లి ఆ తర్వాత ఆష్విట్స్‌లో మరణించారు. ఆయన సినిమాల్లో వీడ్కోళ్లు అంత నిదానంగా, అంత మర్యాదగా ఎందుకుంటాయో ఆలోచించినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

వీరిద్దరినీ కలిపింది మరో హంగేరియన్, అప్పటి బ్రిటిష్ సినిమాలో పెద్ద నిర్మాత అయిన అలెగ్జాండర్ కోర్డా. కాన్రాడ్ ఫైట్ నటించవలసిన ‘ది స్పై ఇన్ బ్లాక్’ కథ ఎంతకీ కుదరక ఆగిపోయి ఉంది. ఆ కథా చర్చకు ప్రెస్‌బర్గర్‌ను పిలిచారు. ఆయన జేబులోంచి ఒక చిన్న కాగితం తీసి, దాన్ని చూసుకుంటూ, అందరి చేతుల్లో ఉన్న కథను ఆసాంతం తలకిందులు చేసి మెల్లగా చెప్పుకుపోయారనీ, ఫైట్‌కు, తనకూ పట్టరాని సంతోషం కలిగిందనీ పావెల్ తన ఆత్మకథలో రాసుకున్నారు. 1939లో విడుదలైన ఆ చిత్రంలో కథ ప్రేక్షకుడి నమ్మకంతో ఆడుకుంటుంది. ఎవరు ఎవరి తరఫున పనిచేస్తున్నారో సగం సినిమా దాటాక గానీ బయటపడదు. కథను ఇంజనీరులా బిగించగల రచయిత దొరికాడని పావెల్‌కూ, తాను కాగితం మీద ఊహించిన దానికంటే తెరమీద ఎక్కువ చూపగల దర్శకుడు దొరికాడని ప్రెస్‌బర్గర్‌కూ ఆ ఒక్క సినిమాతో తెలిసిపోయింది. తాను చెప్పబోయేది చెప్పకముందే, బహుశా తాను ఆలోచించకముందే మైకేల్‌కు తెలిసిపోతుందని, అలాంటి మనిషి జీవితంలో దొరకడం అరుదనీ ప్రెస్‌బర్గర్ తర్వాతి కాలంలో అన్నారు.

యుద్ధం మొదలయ్యాక సమాచార మంత్రిత్వశాఖ ఆర్థిక సాయంతో తీసిన ‘ఫార్టీనైన్త్ ప్యారలల్’ 1941లో వచ్చింది. మునిగిపోయిన జర్మన్ జలాంతర్గామి నుంచి బయటపడ్డ కొందరు నాజీలు కెనడా మీదుగా, అప్పటికింకా తటస్థంగా ఉన్న అమెరికా చేరుకోవాలని చేసే ప్రయాణం అది. అమెరికన్ల మనసును యుద్ధం వైపు తిప్పాలన్నది దాని ప్రయోజనం. ప్రెస్‌బర్గర్‌కు ఉత్తమ కథకు గాను అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ విజయంతో వారిద్దరూ సొంత సంస్థ పెట్టుకోగలిగారు. పిండిమిల్లుల వ్యాపారి కుటుంబం నుంచి వచ్చి సినిమా పంపిణీలో, థియేటర్లలో సామ్రాజ్యం కట్టిన జె. ఆర్థర్ ర్యాంక్ వారికి పెట్టుబడి సమకూర్చారు. ఇండిపెండెంట్ ప్రొడ్యూసర్స్ అన్న గొడుగు కింద ఆర్చర్స్‌కూ, దర్శకుడు డేవిడ్ లీన్ తదితరుల సినీగిల్డ్‌కూ, మరికొన్ని చిన్న సంస్థలకూ ర్యాంక్ ఇచ్చిన స్వేచ్ఛ ఆ రోజుల్లో ఎక్కడా లేదు: కథ వారిదే, నటీనటుల ఎంపిక వారిదే, తుది కూర్పు వారిదే. స్వతంత్ర సంస్థ అనగానే డబ్బు కూడా స్వతంత్రంగా వచ్చి ఉంటుందని అనుకోకూడదు. డబ్బు పెద్ద మనిషిది, తీర్పు వీరిది. ఈ ఏర్పాటు ఆయన సహనం మీద ఆధారపడి ఉందన్న సంగతి కొన్నేళ్ల తర్వాత బయటపడింది.

1942లో నటి వెండీ హిల్లర్‌ను తమ కొత్త చిత్రంలోకి ఆహ్వానిస్తూ వారు రాసిన ఉత్తరం ఒకటి ఉంది. అందులో తమ సంస్థ నియమాలను ఐదు అంశాలుగా చెప్పుకున్నారు. డబ్బు పెట్టినవారికి లాభం చూపడం తప్ప తాము మరెవరికీ బద్ధులం కాదన్నది మొదటిది. తమ చిత్రాల్లోని ప్రతి అడుగు ఫిల్ముకూ బాధ్యత తమదేననీ, తమ సొంత తీర్పు తప్ప ఏ ఒత్తిడికీ లొంగమనీ రెండోది. కొత్త ఆలోచన మొదలుపెట్టేటప్పుడు పోటీదారులకంటేనే కాక కాలానికంటే కూడా ఏడాది ముందుండాలన్నది మూడోది. ఏ కళాకారుడూ పలాయనవాదాన్ని నమ్మడనీ, ప్రేక్షకులు కూడా నమ్మరని తమ లోలోపలి విశ్వాసమనీ నాలుగోది. ఇక చివరిది నాకు అన్నిటికంటే ఇష్టమైనది: కథానాయిక నుంచి సెట్ సామాను మోసే మనిషి వరకూ పనిచేసే అందరి ఆత్మగౌరవమూ, వారు చేస్తున్న సినిమా ఇతివృత్తాన్ని బట్టి, దాని ఉద్దేశాన్ని బట్టి నిలబడుతుంది లేదా దిగజారుతుంది అని. బాంబులు పడుతున్న దేశంలో, ఏ మనిషిని ఏ పనికి వాడుకుంటున్నామన్న ప్రశ్నకు ప్రాణం విలువ ఉన్న రోజుల్లో రాసిన మాట అది.

ఆ ఉత్తరం ఏ సినిమా గురించో అదే 1943 నాటి ‘ది లైఫ్ అండ్ డెత్ ఆఫ్ కర్నల్ బ్లింప్’. గర్భవతి కావడం వల్ల హిల్లర్ అందులో నటించలేకపోయారు. ఆ అవకాశం డెబొరా కెర్ అనే యువనటికి వెళ్లింది, ఆమె అందులో మూడు పాత్రలు వేశారు. డేవిడ్ లో అనే కార్టూనిస్టు పత్రికలో గీసిన బ్లింప్ బొద్దు మీసాల, బట్టతల సైనికాధికారి, పాతకాలపు మూర్ఖత్వానికి గుర్తు. ఆ బొమ్మను తీసుకుని, ఈ ముసలాయన ఇలా ఎలా అయ్యాడు, నలభై ఏళ్ల క్రితం ఎలా ఉండేవాడు అని అడిగిన సినిమా ఇది. అంతకుముందు సినిమాలో ఒక వృద్ధుడు యువకుడితో వయసు గురించి మాట్లాడే చిన్న దృశ్యాన్ని కూర్పులో తీసేయవలసి వచ్చిందనీ, అందులో ఒక పూర్తి సినిమాకు సరిపడా విషయం ఉందని ఆ చిత్రానికి ఎడిటర్‌గా ఉన్న డేవిడ్ లీన్ అన్నారనీ చెబుతారు.

ఇందులో ఒక ద్వంద్వయుద్ధం ఉంది. 1902, బెర్లిన్. క్లైవ్ క్యాండీ అనే ఆంగ్ల యువ అధికారి, అంటే యౌవనంలో ఉన్న ఆ ముసలాయనే, జర్మన్ సైన్యాన్ని అవమానించాడు. దానికి జవాబుగా, అంతకుముందు ఎన్నడూ చూడని థియో అనే జర్మన్ అధికారితో కత్తియుద్ధం చేయాలి. ఆ దృశ్యంలో అధికభాగం నియమాలకే పోతుంది. నిబంధనల పుస్తకం తెరుస్తారు, పేరా సంఖ్యలు చదువుతారు, చొక్కా చేతులు ఎలా ఉండాలో చర్చిస్తారు, ఆ విశాలమైన వ్యాయామశాల నేలమీద దూరాలు కొలుస్తారు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం లేదు. కోపం లేని కొట్లాటకు ఇంత క్రతువు కావలసి వస్తుంది. చివరికి కత్తులు కలుస్తాయి. సరిగ్గా ఆ క్షణాన కెమెరా వెనక్కి తగ్గి, పైకి లేచి, పైకప్పును దాటి, మంచు కురుస్తున్న బెర్లిన్ ఆకాశంలోకి వెళ్లిపోతుంది. కింద వీధిలో బండిలో ఎదురుచూస్తున్న అమ్మాయి దగ్గరకు మనల్ని దించుతుంది. ఎవరు గెలిచారో చూపించరు. ఇద్దరూ గాయపడి ఒకే ఆసుపత్రిలో కోలుకుంటూ జీవితకాల స్నేహితులయ్యారన్నదే కథకు ముఖ్యం.

ఈ దృశ్యాన్ని రచన, దర్శకత్వం అని రెండు ముక్కలు చేసి చూడండి. నియమాల మీద అంత సమయం గడపడం మధ్య ఐరోపా లాంఛనాలను ఎరిగిన రచయిత నిర్ణయంలా కనిపిస్తుంది. కత్తులు కలవగానే వాటిని వదిలి వెళ్లిపోయే ధైర్యం దర్శకుడిదిలా కనిపిస్తుంది. అయితే యుద్ధాన్ని చూపించని పక్షంలోనే నియమాలకు అంత బరువు వస్తుంది. నియమాలను అంతసేపు చూపితేనే కెమెరా వెళ్లిపోవడానికి అర్థం ఉంటుంది. ఒకరి నిర్ణయం లేకుండా రెండోవారి నిర్ణయం నిలబడదు. పేర్ల వాక్యంలో గీత గీయకపోవడానికి కారణం నాకు ఇక్కడే దొరికింది.

రెండో దృశ్యం దీనికి పూర్తిగా భిన్నం. 1939. థియో ముసలివాడయ్యాడు, ఇంగ్లండ్‌లో ఆశ్రయం కోరుతూ విదేశీయుల విచారణ అధికారి ముందు కూర్చున్నాడు. తన దేశాన్ని ఎందుకు విడిచి వచ్చాడో చెప్పాలి. ఆంగ్లేయురాలైన భార్య మరణించింది. కొడుకులు నాజీలయ్యారు, తల్లి అంత్యక్రియలకు రాలేదు. ఆమె పుట్టిన దేశపు పచ్చదనం గుర్తొచ్చి వచ్చానంటాడు. కెమెరా కట్ లేకుండా, సంగీతం లేకుండా ఆ ముఖం దగ్గరకు మెల్లగా జరుగుతుంది. థియోగా నటించిన ఆంటన్ వాల్‌బ్రుక్ స్వయంగా వియన్నాలో పుట్టి నాజీల వల్ల జర్మన్ సినిమాను వదిలి వచ్చినవారు. ఆ మాటలు రాసిన మనిషీ అలాంటి బల్ల ముందు నిలబడినవాడే. ఆ మాటలను ఏ అలంకారమూ లేకుండా వినాలని నిర్ణయించినవాడు మాత్రం కెంట్ పొలాల్లో పుట్టిన ఆంగ్లేయుడు. బెర్లిన్ పైకప్పు మీదుగా ఎగిరిన కెమెరా ఇక్కడ దాదాపు ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోవడం కూడా దర్శకత్వమే.

ప్రభుత్వానికి ఈ సినిమా నచ్చలేదు. యుద్ధం మధ్యలో మంచి జర్మన్‌ను చూపడం, ఆంగ్ల సైనికాధికారిని వెక్కిరించినట్టు కనిపించడం వారికి మింగుడుపడలేదు. క్లైవ్ పాత్రకు లారెన్స్ ఒలివియర్‌ను అడిగితే నౌకాదళ విధుల నుంచి ఆయనను విడుదల చేయలేదు; ఆ పాత్ర రోజర్ లివ్‌సీకి వెళ్లింది, ఇవాళ మరొకరిని అందులో ఊహించలేం. 1942 సెప్టెంబరులో ప్రధాని చర్చిల్ ఈ నిర్మాణాన్ని ఆపే మార్గం చూడమని సమాచార మంత్రి బ్రెండన్ బ్రాకెన్‌కు లిఖితపూర్వకంగా చెప్పారు. సినిమాను అలా ఆపే అధికారం తమకు లేదని బ్రాకెన్ జవాబిచ్చారు. యుద్ధకాలంలో కూడా ఆ జవాబు చెప్పగలిగిన వ్యవస్థకు మనం కొంత గౌరవం ఇవ్వాలి. విదేశాలకు పంపడంలో మాత్రం ఆటంకాలు తప్పలేదు.

ఇక వారి రోజువారీ పని గురించి. కథాబీజం, నిర్మాణక్రమం సాధారణంగా ప్రెస్‌బర్గర్‌వి. తొలి ప్రతి ఆయన రాస్తే పావెల్ దాన్ని తీసుకుని సంభాషణలకు స్థానిక యాస, ప్రదేశాలకు వాతావరణం చేర్చి తిరిగి ఇచ్చేవారు. అది మళ్లీ ప్రెస్‌బర్గర్ దగ్గరకు వచ్చి మరోసారి మారేది. చిత్రీకరణ సమయంలో నిర్మాత బాధ్యతలు ఎక్కువగా ప్రెస్‌బర్గర్ మోసేవారు. చిత్రీకరణ ముగిశాక కూర్పులో, సంగీతంలో ఆయన పాత్ర పెద్దది. యౌవనంలో వయొలిన్ వాయించిన మనిషి ఆయన. పారితోషికాన్ని ఇద్దరూ సమానంగా పంచుకునేవారు. చుట్టూ చేరిన బృందం కూడా వీరిలాంటిదే. కళాదర్శకుడు ఆల్ఫ్రెడ్ యుంగె జర్మన్. ఆయన తర్వాత వచ్చిన హైన్ హెక్‌రోట్ కూడా జర్మనీ నుంచి శరణార్థిగా వచ్చి, యుద్ధంలో శత్రుదేశీయుడన్న పేరుతో ఆస్ట్రేలియాకు ఓడలో తరలించబడి తిరిగి వచ్చినవాడు. బ్రిటిష్ సినిమాల్లోకెల్లా బ్రిటిష్ అని మెచ్చుకునే చిత్రాలను బెర్లిన్ స్టూడియోల్లో పని నేర్చుకున్న చేతులు నిర్మించాయన్నది ఆ దేశ సినిమా చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన నిజం.

1944 నాటి ‘ఎ కాంటర్‌బరీ టేల్’ పావెల్ పుట్టిన నేల మీద తీసింది. మధ్యయుగపు యాత్రికుడొకడు ఎగరేసిన డేగ ఆకాశంలో చిన్నదై, ఒక్క కట్‌తో యుద్ధవిమానం అవుతుంది. ఆరు వందల ఏళ్లు గడిచిపోతాయి. నాటి ప్రేక్షకులకు కథ వింతగా తోచింది, సినిమా పెద్దగా ఆడలేదు. మరుసటి ఏడాది రంగుల చిత్రాలు తీసే టెక్నికలర్ కెమెరాలు దొరక్క ఆగిన విరామంలో ‘ఐ నో వేర్ ఐయామ్ గోయింగ్’ తీశారు. ఒక అమ్మాయి పెళ్లికోసం ఒక ద్వీపానికి వెళ్లాలనుకుంటుంది. తీరం దాకా వచ్చి తుఫాను వల్ల ఆగిపోతుంది. తుఫాను తగ్గేసరికి ఆమెకే వెళ్లాలని ఉండదు. ఈ మూడు వాక్యాల కథను ప్రెస్‌బర్గర్ వారంలోపే స్క్రిప్టుగా రాసేశారు. పావెల్ స్కాట్లండ్‌లోని మల్ ద్వీపానికి వెళ్లి, దగ్గర్లోని కోరీవ్రెకన్ సుడిగుండాన్ని పడవలోంచి చిత్రీకరించి తెచ్చారు. నాయకుడు రోజర్ లివ్‌సీ లండన్‌లో నాటకం ఆడుతున్నందున స్కాట్లండ్‌లో అడుగుపెట్టనే లేదు. దూరపు షాట్లన్నీ డూప్‌తో, దగ్గరివి స్టూడియోలో తీశారు. చూస్తున్నప్పుడు అతుకు కనపడదు.

‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’ 1946లో మొట్టమొదటి రాజకుటుంబ చలనచిత్ర ప్రదర్శనగా ఎంపికైంది. అందులో భూలోకం రంగుల్లో, పరలోకం నలుపు తెలుపుల్లో ఉంటాయి. ఈ తారుమారును గురించి ఇప్పటికే చాలామంది రాశారు గనుక ఆగను. 1947 నాటి ‘బ్లాక్ నార్సిసస్’ దగ్గర మాత్రం భారతీయ ప్రేక్షకులుగా మనం ఆగాలి. రూమర్ గాడెన్ నవల ఆధారంగా, హిమాలయాల్లోని ఒక పాత రాజభవనంలో ఆశ్రమం పెట్టిన క్రైస్తవ సన్యాసినుల కథ. ఇండియాకు వెళ్లకుండా మొత్తం ఇంగ్లండ్‌లోనే తీద్దామని పావెల్ పట్టుబట్టారు. లోయలు, శిఖరాలు పెర్సీ డే బృందం వేసిన చిత్రాలు. మఠం పైన్‌వుడ్ స్టూడియోలో కట్టిన సెట్. అడవి ససెక్స్‌లోని లెనర్డ్స్‌లీ తోట. యుంగెకు, ఛాయాగ్రాహకుడు జాక్ కార్డిఫ్‌కు ఆస్కార్లు వచ్చాయి. యువ రాజకుమారుడిగా నటించిన సాబూ మైసూరువాడు. అయితే ముఖ్యమైన భారతీయ స్త్రీ పాత్రలకు తెల్లవారి ముఖాలకు రంగు పూసి వాడుకున్నారు. జీన్ సిమ్మన్స్ వేసిన కాంచీ పాత్రను ఇవాళ ఇబ్బంది లేకుండా చూడలేం, ఆ ఇబ్బందిని దాచనక్కర్లేదు కూడా. అదే సమయంలో, తమది కాని కొండమీద ఇమడలేక తెల్లవారు సామాన్లు సర్దుకుని దిగిపోయే ముగింపు సరిగ్గా 1947లో వచ్చిందన్న సంగతినీ విస్మరించలేం.

ఈ సినిమా పతాక సన్నివేశంలో వారొక ప్రయోగం చేశారు. సంభాషణ దాదాపు లేని ఆ ఘట్టానికి బ్రయన్ ఈస్‌డేల్ ముందే సంగీతం కూర్చారు. ఆ సంగీతం ప్రకారం, సెకన్లు లెక్కపెట్టుకుంటూ నటుల కదలికలను, కెమెరా కదలికలను చిత్రీకరించారు. పాటను ముందు రికార్డు చేసి సెట్‌లో వినిపిస్తూ చిత్రీకరించే పద్ధతి మన సినిమాల్లో అందరికీ తెలిసిందే. పావెల్ దాన్ని నాటకీయ సన్నివేశానికి వర్తింపజేశారు, ఇంకా ముందుకు తీసుకువెళ్లాలనుకున్నారు. 1951 నాటి ‘ది టేల్స్ ఆఫ్ హాఫ్‌మన్’లో మొత్తం ఒపెరాను సర్ థామస్ బీచమ్ నిర్వహణలో ముందే రికార్డు చేసి, ఆ తర్వాతే చిత్రీకరించారు. సెట్‌లో శబ్దం పట్టాల్సిన అవసరం లేకపోవడంతో, కెమెరా చప్పుడు వినపడకుండా కప్పే బరువైన తొడుగును తీసేసి దాన్ని మూకీల కాలంలోలా స్వేచ్ఛగా తిప్పగలిగారు.

ఈ రెంటి మధ్య 1948లో ‘ది రెడ్ షూస్’ వచ్చింది. దీని కథను ప్రెస్‌బర్గర్ యుద్ధానికి ముందే కోర్డా కోసం, మెర్ల్ ఒబెరాన్ నటించేందుకు రాశారు. యుద్ధం ముగిశాక ఆర్చర్స్ ఆ కథను తిరిగి కొనుక్కుంది. నాయిక నిజంగా నాట్యం చేయగల మనిషి కావాలని, కథలోని బ్యాలేను పూర్తిగా తెరమీద చూపాలని పావెల్ కోరారు. శాడ్లర్స్ వెల్స్ బ్యాలే బృందపు నర్తకి మొయిరా షియరర్‌ను ఎంతో ప్రయత్నం మీద ఒప్పించారు. భవన నిర్మాణ దృష్టి ఉన్న యుంగెను కాదని, చిత్రకారుడైన హెక్‌రోట్‌కు కళాదర్శకత్వం అప్పగించారు. ఆయన బ్యాలే కోసం వందలాది బొమ్మలు వేశారు. పావుగంటకు పైగా సాగే ఆ బ్యాలే రంగస్థలం మీద మొదలై, ఏ థియేటరులోనూ సాధ్యంకాని చోట్లకు, నర్తకి మనసులోకి వెళ్లిపోతుంది. గాలికి ఎగిరే పత్రిక కాగితం మనిషి ఆకారం దాల్చి ఆమెతో నాట్యం చేసి మళ్లీ కాగితమైపోయే చోట, కథాఫలకం మీద రాసిన వాక్యం ఎక్కడ ఆగిందో, తెరమీది కదలిక ఎక్కడ మొదలైందో నాకు ఇప్పటికీ తెలియదు.

బడ్జెట్ అనుకున్నదానికంటే చాలా పెరిగి ఐదు లక్షల పౌండ్లు దాటింది. పూర్తయిన సినిమా చూసి ర్యాంక్, ఆయన సంస్థ నిర్వహణాధికారి జాన్ డేవిస్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి వెళ్లిపోయారని పావెల్ రాశారు. బ్రిటన్‌లో ఆర్భాటం లేకుండా విడుదల చేశారు. న్యూయార్క్‌లో ఒకే థియేటరులో అది రెండేళ్లకు పైగా ఆడింది. అప్పటికే ఆర్చర్స్ ర్యాంక్‌ను వదిలి కోర్డా దగ్గరకు వెళ్లిపోయింది. ఆ సినిమా చూసి నాట్యం నేర్చుకున్న తరం ఒకటి ఉందంటే, ఆ ఇద్దరు పెద్దమనుషుల మౌనం ఎంత ఖరీదైనదో ఊహించుకోవచ్చు.

తర్వాతి సంవత్సరాలు అంత సాఫీగా సాగలేదు. అమెరికన్ భాగస్వాములతో తీసిన రెండు సినిమాలు గొడవల్లో పడ్డాయి. ‘గాన్ టు ఎర్త్’ను అమెరికన్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ అమెరికాకోసం కొంత భాగం మళ్లీ చిత్రీకరింపజేసి వేరే పేరుతో విడుదల చేశారు. 1956లో ‘ది బ్యాటిల్ ఆఫ్ ది రివర్ ప్లేట్’ బాగా ఆడింది. 1957లో ‘ఇల్ మెట్ బై మూన్‌లైట్’ తర్వాత ఇద్దరూ విడిపోయారు. కోర్టులు లేవు, పత్రికల్లో నిందలు లేవు. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు కలిసి పనిచేశారు; 1972లో పిల్లలకోసం తీసిన ‘ది బాయ్ హూ టర్న్‌డ్ యెల్లో’ వారి చివరి ఉమ్మడి చిత్రం.

విడిపోయాక పావెల్ ఒంటరిగా తీసిన ‘పీపింగ్ టామ్’ను 1960లో విమర్శకులు నిర్దయగా చీల్చిచెండాడారు, ఆయనకు బ్రిటన్‌లో పని దొరకడం కష్టమైంది. ప్రెస్‌బర్గర్ రెండు నవలలు రాశారు. 1970లలో మార్టిన్ స్కోర్సేసీ వంటి అమెరికన్ దర్శకులూ, ఇయన్ క్రిస్టీ వంటి బ్రిటిష్ చరిత్రకారులూ ఈ సినిమాలను మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అయితే ఆ పునరుద్ధరణలో ఒక అన్యాయం కూడా జరిగింది. దర్శకుడే సినిమాకు కర్త అన్న వాదం బలంగా ఉన్న రోజులవి. కాబట్టి ‘పావెల్ సినిమాలు’ అన్న మాట వ్యాసాల్లో స్థిరపడిపోయింది. ఉమ్మడి వాక్యంలోంచి రెండో పేరును విమర్శకులు చెరిపేశారు. దాన్ని ఎవరికంటే ముందు ఖండించింది పావెల్. తన ఆత్మకథ నిండా ఆయన ఎమెరిక్‌కు చెందవలసింది ఎమెరిక్‌కు ఇస్తూనే పోయారు. ప్రెస్‌బర్గర్ మనవడు కెవిన్ మెక్‌డొనాల్డ్ 1994లో తాతగారి జీవితచరిత్ర రాశాక గానీ ఆ లోటు కొంతైనా తీరలేదు. 1981లో బ్రిటిష్ సినిమా, టెలివిజన్ అకాడమీ అయిన బాఫ్టా తన ఫెలోషిప్‌ను ఇద్దరికీ కలిపే ఇచ్చింది. ప్రెస్‌బర్గర్ 1988లో, పావెల్ 1990లో కన్నుమూశారు.

చూడాలనుకునేవారికి ఒక సూచన చేసి ముగిస్తాను. ‘కర్నల్ బ్లింప్’ అసలు నిడివి 163 నిమిషాలు. కత్తిరించి, గతం నుంచి వర్తమానానికి వరుసగా పేర్చిన పొట్టి ప్రతులు దశాబ్దాలపాటు తిరిగాయి. అందులో వృద్ధుడి కోపంతో మొదలుపెట్టి యువకుడి దగ్గరకు వెళ్లే నిర్మాణమంతా పోయింది. ‘ఎ కాంటర్‌బరీ టేల్’కూ అమెరికాలో కత్తిరింపులు, అతుకులు జరిగాయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత స్కోర్సేసీ స్థాపించిన ఫిల్మ్ ఫౌండేషన్ వంటి సంస్థలు పూర్తి ప్రతులను, అసలు రంగులను తిరిగి తెచ్చాయి. పావెల్ భార్య, స్కోర్సేసీ సినిమాల ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ ఆ పనికి ఏళ్ల తరబడి శ్రమించారు. పునరుద్ధరించిన ప్రతి దొరికితేనే చూడండి. ఏ క్రమంలో చూడాలని అడిగితే ‘ఐ నో వేర్ ఐయామ్ గోయింగ్’తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అది గంటన్నరలో అయిపోతుంది, కథ ఎవరికైనా అందుతుంది. ఆ తర్వాత ‘బ్లింప్’, ఆపైన ‘ది రెడ్ షూస్’. ద్వంద్వయుద్ధం గురించి, ‘బ్లాక్ నార్సిసస్’లో ఇండియా గురించి నా మాటలతో విభేదించేవారుంటే ఇప్పుడే అడగండి, సమయం ఉంది.